రేకుకు చెమట పట్టిన ఆదివారం

హైదరాబాదు పాతబస్తీకి నేను చార్మినార్ చూడడానికి వెళ్ళలేదు. అక్కడున్న నాలుగు రోజులూ తల పైకెత్తే ఉన్నాను గానీ, చూసింది మినార్లను కాదు, మబ్బులను. నన్ను పిలిపించింది ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పమని. ఆదివారం వాన పడుతుందా, పడదా?

నేను కాకినాడలో, వాతావరణ పరికరాలు బిగించే ఒక చిన్న సంస్థలో పనిచేస్తాను. నా పక్క బల్ల శ్రీనుది. వాళ్ళ ఇల్లు పాతబస్తీలోని ఛత్రినాకలో. వాళ్ళ నాన్న యాదగిరి గారు బోనాల పండుగకు తొట్టెల కడతారు. తొట్టెల అంటే మా వైపు వాళ్ళకు ఉయ్యాల గుర్తొస్తుంది. ఇది వేరు. వెదురు బద్దలతో గోపురంలా అంతస్తులుగా కట్టి, రంగురంగుల పతంగి కాగితం అంటించి, ఊరేగింపుగా మోసుకెళ్ళి అమ్మవారికి సమర్పిస్తారు. నలభై ఏళ్ళుగా ఆ బస్తీ తొట్టెల ఆయన చేతిదే.

నిరుడు దారి మధ్యలో వాన పడిందట. ఎరుపు పసుపులోకి, పచ్చ తెలుపులోకి కారిపోయి, గుడి చేరేసరికి వెదురు బద్దలు మాత్రం మిగిలాయట. బస్తీ కమిటీ ఈసారి ముందే చెప్పేసింది, మళ్ళీ అలా అయితే వచ్చే ఏడు నుంచి బజార్లో దొరికే ప్లాస్టిక్ కాగితం తొట్టెల కొంటామని. శ్రీనుకు సెలవు దొరకలేదు.

"మా బాపు ఒక్కటే లొల్లి. వాన సంగతి చెప్పే దోస్తును పంపు, పంపు అంటుండు. జర నువ్వు పోయిరా భాయ్," అన్నాడు.

సంచిలో పెట్టుకున్నవి: గాలిలో తేమ కొలిచే పరికరం, దూరం నుంచే వేడి చెప్పే తుపాకీ లాంటి థర్మామీటరు, నోటుపుస్తకం, గొడుగు, మూడు చొక్కాలు, కడుపుమంట మాత్రలు. చివరి వస్తువు మొదటి రోజే అవసరమైంది.

రైలు అద్దం

తెల్లవారుజామున ఏసీ పెట్టె కిటికీ అద్దం తెల్లగా మసకబారింది. ఎదురు సీటు పెద్దావిడ చీర చెంగుతో అద్దాన్ని రుద్దుతోంది.

"ఇదేంటి బాబూ, ఎంత తుడిచినా పోదు?"

"అది లోపల లేదండీ, బయట ఉంది."

నిజానికి జరిగింది ఇంతే. గాలిలో ఎప్పుడూ కంటికి కనబడని నీటి ఆవిరి ఉంటుంది. గాలి చల్లబడే కొద్దీ అందులో ఇమిడే ఆవిరి తగ్గుతుంది. ఒక హద్దు దాటాక మిగిలింది నీటి చుక్కలై చల్లటి వస్తువుకు అంటుకుంటుంది. ఆ హద్దును మేము మంచుబిందు ఉష్ణోగ్రత అంటాం. ఏసీ వల్ల అద్దం చల్లబడింది, బయటి గాలి తేమగా ఉంది. కాబట్టి నీళ్ళు బయటివైపు చేరాయి. ఇదంతా ఆవిడకు ఓపిగ్గా చెప్పాను.

"మరి బయటికెళ్ళి తుడిచేదెవరు?"

"ఎవరూ అక్కర్లేదండీ. ఎండొస్తే అదే పోతుంది."

"ఎండొచ్చేలోగా నా స్టేషన్ పోతుంది కదయ్యా!" అని మళ్ళీ లోపలివైపే రుద్దడం మొదలుపెట్టింది. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆదివారం దాకా గుర్తుంది.

మలక్‌పేటలో చాయ్

గురువారం ఉదయం మలక్‌పేటలో ఒక ఇరానీ హోటల్లో కూర్చున్నాను. చాయ్ ఇరవై రూపాయలు. మా వీధి చివర టీ కంటే ఖరీదే గానీ, మా టీ రెండు గుక్కల్లో అయిపోతుంది, ఇక్కడ కప్పు ముందేసుకుని అరగంట కూర్చున్నా ఎవరూ లేవమనరు. ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి మూడు లెక్కపెట్టి తీయాలి. నేను నాలుగు లెక్కపెట్టాను. సగం కప్పులో పడిపోయింది.

అది చూసి పక్క కుర్చీలో ఉన్న ఆటో డ్రైవర్ సలీం భాయ్ నా కప్పులోకి చెంచా దించి బిస్కెట్ తీసిచ్చాడు. నన్ను ఛత్రినాక తీసుకెళ్ళిందీ అతనే. దారిలో నేను పది సార్లైనా తల బయట పెట్టి ఆకాశం చూసుంటాను.

"క్యా భాయ్, ఘడీ ఘడీ ఊపర్ దేఖ్ రహే? పైకెల్లి ఎవరన్న దిగుతున్నరా?"

"వాన వస్తుందేమోనని."

"ఫికర్ మత్ కరో. వస్తే యాభై ఎక్కువ అడుగుత, రాకుంటె ముప్పై ఎక్కువ అడుగుత. గంతే."

వాన రాలేదు. ముప్పై ఎక్కువే ఇచ్చాను.

రేకుల కింద

శ్రీను వాళ్ళది రెండు గదుల ఇల్లు. ముందు పొడవాటి వాకిలి, దాని మీద రేకుల కప్పు, వీధివైపు గోడ లేదు. మధ్య దూలానికి తొట్టెల వేలాడుతోంది. తొమ్మిది అడుగులు, ఐదు అంతస్తులు. కిందివి మూడు పూర్తయ్యాయి. పై రెండూ ఇంకా వెదురే.

"నమస్తే బాబాయ్ గారూ," అన్నాను.

"బాబాయ్ ఏంది? మా ఇంట్ల బాపు అంటరు," అంది ఆయన భార్య బాలమ్మ. "నన్ను అమ్మ అను. తిన్నవా?"

తినలేదంటే మొక్కజొన్న గింజలు రుబ్బి మక్క గారెలు వేసిపెట్టింది. మా వైపు గారెలంటే మినప్పప్పే. ఇవి కరకరలాడుతూ తియ్యగా ఉన్నాయి. ఆరు తిన్నాను. ఏడోది బాపు నా చేతిలో పెట్టారు. పెట్టేటప్పుడు ఆయన చెయ్యి వణకడం గమనించాను.

తొట్టెలకు, రేకులకు మధ్య ఒక పాత తెల్లబట్ట నాలుగు మూలలా కట్టి ఉంది. ఎన్నేళ్ళదో, అంచుల్లో పసుపు మరకలు, మధ్యలో పొట్టలా వేలాడుతోంది. అదేమిటని అప్పుడు అడగలేదు. ఏటా పండుగకు కట్టే ఆచారమేదో అనుకున్నాను.

శుక్రవారం బాపు నాలుగో అంతస్తుకు కాగితం అంటిస్తుంటే నేను పక్కన నిలబడి అందించాను. ఆయన కుంచె వాడరు. మైదా ఉడికించిన జిగురును, వాళ్ళు లై అంటారు, బొటనవేలితో రాస్తారు. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి లై ఆరడం లేదు.

"బిడ్డా, వాన ఎట్ల చెప్తవ్? మబ్బు జూసి నేను గూడ చెప్త. పది సార్ల తొమ్మిది సార్లు తప్పైతది."

చూపించాలనిపించింది. స్టీలు గ్లాసులో మంచుముక్కలు వేసి గట్టు మీద పెట్టాను. థర్మామీటరు గురిపెట్టి అంకెలు చదువుతూ పోయాను. ఇరవై ఎనిమిది, ఇరవై ఆరు, ఇరవై నాలుగు. ఇరవై మూడు దగ్గర గ్లాసు బయట పొగమంచులా పట్టింది. కాసేపటికి చుక్కలు జారాయి.

"గ్లాసుకు చెమట పట్టింది," అన్నారు బాపు.

"చెమట కాదు బాపూ, గ్లాసులోది బయటికి రాలేదు. గాలిలో ఉన్న నీళ్ళే. పైకి పోయే గాలి కూడా ఇలాగే చల్లబడుతుంది. సరిగ్గా ఆ అంకె దగ్గరికి వచ్చిన ఎత్తులో, దుమ్ము రేణువులను పట్టుకుని చుక్కలు కడతాయి. అదే మబ్బు. అందుకే చూడండి, మబ్బు అడుగు కత్తితో కోసినట్టు చదునుగా ఉంటుంది. ఇవాళ అది భూమికి ముప్పావు కిలోమీటరు ఎత్తులో ఉండాలి."

ఆయన వీధిలోకి వచ్చి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు పైకి చూశారు. "నిజమే. అడుగు చదునుగనే ఉన్నది. డెబ్బై ఏండ్లసంది జూస్తున్న, గిది జూడలే." లోపలికి కేకేశారు. "ఏమే, ఇటు రా! మబ్బుకు అడుగున్నదంట!"

ఆ గొప్ప తలకెక్కించుకున్నాను. దాచడం దేనికి?

గౌలిపురలో పాలు

శనివారం ఉదయం బోనానికి పాల కోసం బాలమ్మతో గౌలిపుర వెళ్ళాను. సన్నటి సందులు, చిన్న ఇళ్ళు, ఒక గుమ్మం పక్కన గేదె, గేదె పక్కన స్కూటరు. మా ఊళ్ళో పాలు ప్యాకెట్లో వచ్చి తలుపు కొక్కేనికి వేలాడతాయి. ఇక్కడ బాలమ్మ పాలు పోసే ఆయనతో పావుగంట లొల్లి పెట్టుకుంటే గానీ పాలు రావు. ఆయన ఫ్రిజ్ తెరిచి అల్యూమినియం క్యాను తీసి గడప మీద పెట్టాడు. చూస్తుండగానే క్యాను చుట్టూ నీళ్ళు పట్టి గడప తడిసింది.

"చూస్కో బాలమ్మా, నీళ్ళు లోపల కలుపుత లేను. బయటనే కారుతున్నయ్."

"గవి గూడ పట్టి లోపల పోస్తవ్, నాకెర్క లేదా నీ సంగతి!"

నవ్వుతూ తిరిగొచ్చాం. రైలు అద్దం, గ్లాసు, క్యాను. మూడు సార్లు నా కళ్ళ ముందే జరిగింది.

బట్ట విప్పించాను

శనివారం మధ్యాహ్నం గంటసేపు వాన దంచింది. వాకిట్లోకి జల్లు రాలేదు. సాయంత్రానికి మబ్బు విడిపోయింది. ఉపగ్రహం బొమ్మలు చూశాను, గాలి దిశ చూశాను, మూడు సార్లు లెక్క కట్టాను. ఏడింటికి బాపు ముందు నిలబడి చెప్పాను.

"ఈ రాత్రి నుంచి రేపు సాయంత్రం నాలుగు వరకు వాన లేదు."

"పక్కానా?"

"పక్కా."

ఆయన మెట్టు మీద కూర్చుని చేతికంటిన లై తుడుచుకున్నారు. అంతటితో నా పని అయిపోయింది. నేను ఊరుకోలేదు.

పై అంతస్తు లై ఇంకా తడిగానే ఉంది. కారణం వెతికాను. పైన పొట్టలా వేలాడే ఆ బట్ట గాలిని ఆపుతోంది.

"బాపూ, ఈ బట్ట ఎందుకు?"

"ఏమో బిడ్డా. మా అమ్మ కట్టేది, నేను కడ్తున్న. పిట్టలు రెట్ట ఎయ్యకుంట గావచ్చు."

"రాత్రిపూట పిట్టలుండవు కదా. తీసేస్తే గాలాడి తెల్లారేసరికి ఆరిపోతుంది."

ఆయన బట్ట వైపు చూశారు, నా చేతిలో పరికరం వైపు చూశారు. "సదువుకున్నోనివి. నీకెర్కుంటది," అన్నారు. నేనే నిచ్చెనెక్కి నాలుగు ముళ్ళూ విప్పాను. ఎలాగూ పండుగ కదా అని బాలమ్మ ఆ బట్టను సబ్బునీళ్ళలో నానేసింది.

పడుకునే ముందు నోటుపుస్తకంలో చూసుకున్నాను. వాన, గాలి, లై, దూలం కట్లు, తాడు, మోసేవాళ్ళు. ఆరు అంశాలకూ టిక్కు పెట్టాను.

ఆదివారం, ఐదున్నర

టప్ మని శబ్దానికి మెలకువ వచ్చింది. కళ్ళు తెరవకుండానే వాన అనుకున్నాను. బయటికి పరిగెత్తాను. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

మళ్ళీ టప్. వాకిలి లోపలి నుంచి.

వీధివైపు చివర ఏడు పొయ్యిలు వరుసగా మండుతున్నాయి. వీధిలోని ఏడు ఇళ్ళ ఆడవాళ్ళు తలస్నానాలు చేసి, కొత్త కుండల్లో బోనం అన్నం వండుతున్నారు. కప్పు ఉన్న వాకిలి ఇదొక్కటే కాబట్టి ఏటా ఇక్కడేనట. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఏడు కుండల ఆవిరి రేకుల కింద నిండిపోయింది. రాత్రి మబ్బులేని ఆకాశం కింద రేకులు చల్లబడి ఉన్నాయి. థర్మామీటరు గురిపెట్టాను. రేకు ఇరవై ఒకటి. కింద గాలి మంచుబిందు ఇరవై ఆరు. రేకు అడుగంతా ముత్యాలు పరిచినట్టు చుక్కలు. ఒక్కొక్కటే పెరిగి, పక్కదానితో కలిసి, బరువై రాలుతున్నాయి.

తొట్టెల పై అంతస్తులో, పక్కనున్న ఎరుపు కారి, పసుపు కాగితం మీద ఎర్రటి మరక. రెండోది. మూడోది.

"పొయ్యిలు ఆపండి!" అని అరిచాను.

పక్కింటి సుజాత అట్లకాడ ఎత్తింది. "బోనం అన్నం మధ్యల దించుతరా ఎవరన్న? ఏం మాట్లాడుతున్నవ్!"

తొట్టెలను జరుపుదామంటే పై అంతస్తు లై ఇంకా పచ్చిగానే ఉంది, కదిపితే కాగితాలు ఊడిపోతాయి. బట్ట కడదామంటే బకెట్లో నానుతోంది. చేతిలో పరికరం పట్టుకుని నిలబడిపోయాను. అది అంకెలు చూపిస్తూనే ఉంది.

బాపు వచ్చారు. మరకలు చూశారు. రేకు వైపు చూశారు. నాకేసి తిరిగి, కోపం లేకుండా అన్నారు.

"మొన్న గ్లాసు చూపిస్తివి గద బిడ్డా. గదే."

బాలమ్మ మాత్రం ఆగలేదు. "నిలబడి చూస్తరేంది! సుజాతా, చీరలు తే! నూలుయి!" ఐదు ఇళ్ళ నుంచి ఐదు పాత నూలు చీరలు వచ్చాయి. నేను నిచ్చెన మీద, కింద ఆడవాళ్ళు. ముడి వేస్తుంటే నా మెడ మీద చుక్కలు పడుతున్నాయి, చల్లగా. పది నిమిషాల్లో రేకుల కింద ఐదు రంగుల పందిరి పరుచుకుంది. చప్పుడు ఆగింది. చీరలు మెల్లగా తడవడం మొదలైంది.

మరకలు లెక్కపెట్టాను. పదకొండు.

బంగారు కాగితం

బాపు పెట్టెలోంచి బంగారు రంగు కాగితం తీశారు. మరకల మీద పూలు అంటిద్దామన్నారు. నేను స్టీలు గ్లాసు బోర్లించి ఒకే కొలతకు పదకొండు చక్రాలు గీసి కత్తిరించి ఇచ్చాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"గింత లెక్కగ ఉంటే మచ్చ దాచినట్టే కనబడ్తది. చేతితోని చింపు. ఇంకో ఇరువై చింపు. మచ్చ లేని కాడ గూడ పెడ్దం."

చింపాను. ఆయన వణికే బొటనవేలితో ఒక్కొక్కటే అద్దారు. తొమ్మిదింటికి ఎండ వచ్చింది. రేకులు వేడెక్కాయి, అడుగున ఉన్న చుక్కలు మాయమయ్యాయి. మాత్ర వేసుకున్నాను.

పదింటికి కమిటీ మల్లేశ్ వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, మెడలో పసుపు కండువా. తొట్టెల చుట్టూ రెండు సార్లు తిరిగాడు.

"బంగారి పూలు కొత్తగ ఉన్నయే యాదన్నా!" అంటూనే ఒక పువ్వు అంచు గోరుతో ఎత్తాడు. కింద ఎరుపు. "మల్ల కారిందా? ఈపారి వాన గూడ పడలే గదనే! చేతులు ఆగుత లేవంటే ముందే చెప్పొద్దా? మేం ఏదో ఒకటి చూసుకుందుము గద."

బాపు తల దించుకున్నారు. కారణం చెప్పరని అర్థమైంది. చెబితే కొడుకు స్నేహితుణ్ణి పట్టించినట్టవుతుంది.

"ఆయన చేతుల తప్పు కాదండీ," అన్నాను. "పైన కట్టే బట్ట నేను విప్పించాను."

"నువ్వెవరు?"

"వాన సంగతి చెప్పడానికి వచ్చాను."

"వాన పడలేదు గద?"

"పడలేదండీ."

"మరి నీళ్ళేడికెల్లి వచ్చినయ్?"

"బోనం అన్నం ఆవిరి. రేకుకు తగిలి, చల్లబడి, కారింది."

మల్లేశ్ నన్ను, రేకును, చీరల పందిరిని మార్చి మార్చి చూశాడు. ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. బాలమ్మ చేతిలో పసుపు గిన్నెతో ముందుకొచ్చింది.

"ఏడు బోనాల ఆవిరి తాకిందిరా మల్లేశా, అమ్మవారి తొట్టెలకు. నీ బజార్ల ప్లాస్టిక్ దానికి తాకుతదా?"

మల్లేశ్ పొయ్యిల వైపు తిరిగాడు. "మా అమ్మ బోనం గూడ ఉన్నదా అండ్ల?"

"మూడో పొయ్యి మీదిది ఎవలదనుకున్నవ్?"

అతను ఎత్తిన పువ్వు అంచును వేలితో మళ్ళీ నొక్కాడు. "ఒంటిగంటకు మోసెటోళ్ళను పంపుత," అని వెళ్ళిపోయాడు.

వీధిలో

ఊరేగింపు గురించి నేను బాగా రాయలేను. డప్పులు మోగాయి, ముందు పోతరాజు వేషం కట్టినతను కొరడా ఆడిస్తూ గెంతాడు, ఆడవాళ్ళు తలల మీద బోనాలు ఎత్తుకుని నడిచారు, ప్రతి గడప దగ్గరా వాళ్ళ పాదాల మీద వేపాకు వేసిన పసుపునీళ్ళు పోశారు. మా వైపు అమ్మవారి సంబరంలో దేవత మన ఇంటి ముందుకు వస్తుంది, ఇక్కడ ఇల్లంతా వండుకుని దేవత దగ్గరికి వెళుతుంది. ఆ తేడా ఒక్కటి గమనించాను. మిగతా సేపంతా నా కళ్ళు ఐదో అంతస్తు మీద, మబ్బు అడుగు మీద. ఎవరైనా చెంబు ఎత్తితే చాలు, అడ్డం పడ్డాను. ఒకావిడ విసుక్కుని ఆ నీళ్ళు నా కాళ్ళ మీదే పోసింది.

మూడుంబావుకు తొట్టెల గుడి లోపలికి వెళ్ళింది. రంగులన్నీ వాటి చోట్లలోనే ఉన్నాయి. నాలుగింటికి వాన రాలేదు. ఆరింటికీ రాలేదు. ఆ సంగతి నేను తప్ప ఎవరూ పట్టించుకోలేదు.

సోమవారం

బయలుదేరే ముందు బాలమ్మ ఉతికి ఆరేసిన ఆ తెల్లబట్టను మడతపెడుతోంది. పసుపు మరకలు పోలేదు. మధ్యలో, రాలిన చుక్కలు ఏళ్ళ తరబడి ఇంకిన చోట, లేత గోధుమరంగు వలయాలు ఒకదాని మీద ఒకటి. దగ్గరగా చూస్తే తప్ప తెలియవు. అవి పిట్టల పని కాదని బాపుకు చూపించాను. ఆయన వేలితో తడిమి, "అమ్మకు ఎర్కుండెనేమో. నాకు చెప్పలే," అన్నారు.

అప్పుడే మల్లేశ్ వచ్చాడు. గడప దాటకుండానే మాట విసిరాడు.

"యాదన్నా, కమిటీల మాట్లాడినం. వచ్చే ఏడు గూడ నీదే. గని ఒక్క షర్తు. ఈ మిషన్ పిలగాన్ని మాత్రం రానియ్యొద్దు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, చెవులు కాలుతుండగా.

బాపు నవ్వలేదు. మడతపెట్టిన బట్టను నా చేతుల్లో పెట్టి, దాన్ని దాచే పాత ట్రంకుపెట్టె వైపు చూపించారు.

"వస్తడు," అన్నారు. "నేనిగ నిచ్చెన ఎక్కలేను. మరి గీ బట్ట ఎవరు కడ్తరు?"